గేటు వేయని కవి

ఎల్డన్ ప్రూయిట్ కవిత్వం వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు, ఆ ఏప్రిల్ ఉదయం దాకా. వినేవాళ్ళకి ఆవలింతలొచ్చేవి, ఒకరిద్దరికి గుర్రానికి నీళ్ళు పెట్టాలని ఉన్నట్టుండి గుర్తొచ్చేది, అంతకు మించి ఏమీ లేదు. ఆ ఉదయం తర్వాత మాత్రం పొరుగాయన మార్సెల్ ఎచెవెరీ పెయ్యలు వేళ కాని వేళ చూలు కట్టాయి. కవిత్వానికీ పెయ్యల చూలుకీ ఏమిటయ్యా సంబంధం అని ఇంకెక్కడైనా అడుగుతారేమో. డ్రై క్రీక్ లోయలో ఎవరూ అడగలేదు. నవ్వడానికే వాళ్ళకి తీరిక చాల్లేదు.

జరిగిందేమిటంటే, ఎల్డన్ గుర్రమెక్కి కంచె చూసుకుంటూ వెళ్తున్నాడు. నోట్లో కొత్త పద్యం నలుగుతోంది. పశువుల కాపరి గొప్పతనం మీద పద్యం అది. ఏ కాపరి అని అడగక్కర్లేదు. ఎల్డన్ పద్యాల్లో కాపరి ఎప్పుడూ ఎల్డనే, కాకపోతే కాస్త పొడుగెక్కువ, పొట్ట తక్కువ. మొదలు బాగానే కుదిరింది.

కంట కునుకెరుగని కాపరిని నేను,
కంచె తీగ సడలితే కలలోనే లేస్తాను.
దారి తప్పిన దూడ దొరికే దాకా...

అక్కడ బండి ఆగింది. 'దాకా'కి ప్రాస కావాలి. మేక వచ్చింది, తోక వచ్చింది, పీక వచ్చింది. తనేమో మేకలు పెంచేవాడు కాదాయె. తన పొలానికీ మార్సెల్ పొలానికీ మధ్య కంచె దగ్గరికొచ్చి, గుర్రం దిగి, తీగ గేటు విప్పి, గుర్రాన్ని అవతలికి నడిపించాడు. గేటు చివరి కర్ర ఇంకా చంకలోనే ఉంది. దాన్ని గుంజకున్న తీగ ఉచ్చులో దోపితే పని అయిపోతుంది. సరిగ్గా అప్పుడే తట్టింది, పొలికేక!

ఆగదు నా గుర్రం, ఆగదు పొలికేక!

అబ్బ, ఏం పాదం! ఒళ్ళు పులకరించింది. కర్ర వదిలేసి, ఎగిరి జీనెక్కి, ఆ పాదాన్ని గాలికి వినిపించుకుంటూ వెళ్ళిపోయాడు. గుర్రం ఒకసారి ఆగి వెనక్కి చూసింది. దానికున్న ఇంగితం తనకి లేకపోయిందే అని ఎల్డన్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ లోయలో తాగి వాగితే క్షమిస్తారు. చర్చికి ఎగ్గొడితే క్షమిస్తారు. గేటు దగ్గర మాత్రం క్షమాపణ లేదు. వేసి ఉన్న గేటు వేసి వెళ్ళాలి, తీసి ఉన్న గేటు తీసి ఉంచాలి. నడక వచ్చిన పిల్లలకి మొట్టమొదట నేర్పేది ఇదే. ఎల్డన్ స్వయంగా వేసవి శిబిరంలో చిన్నపిల్లలకి ఈ పాఠం చెప్పాడు, అదీ ప్రాస కట్టి.

ఎల్డన్ మందలో ఒక ఆంబోతు ఉంది. పేరు డీకన్. చర్చి పెద్దలాగా బరువుగా, తొందర లేకుండా నడుస్తుందని ఆ పేరు పెట్టారు. ఒళ్ళంతా తెలుపు. దాని దూడలు పుట్టుకతోనే దుంగల్లా ఉంటాయి, అందుకని తొలిచూలు పెయ్యల ఛాయలకి దాన్ని ఎవరూ రానివ్వరు. కంచె అవతల మార్సెల్ నల్ల పెయ్యలు మేస్తున్నాయి. వాటికి జూన్‌లో ఓ చిన్న ఆంబోతుని కట్టి, చలి విరిగాక మార్చిలో ఈనేలా చూసుకోవాలని మార్సెల్ లెక్క. డీకన్ లెక్క వేరు. తీసిన గేటు కనిపించింది, తొందర లేకుండా నడుచుకుంటూ వెళ్ళింది.

మధ్యాహ్నానికి మార్సెల్ గుర్రం మీద దాన్ని తోలుకుంటూ ఎల్డన్ వాకిట్లోకి వచ్చాడు. మార్సెల్‌కి డెబ్బై దాటాయి. భార్య పోయి చాలా కాలమైంది. మాటలు దాచుకుని దాచుకుని వాడే మనిషి. ఎల్డన్ పద్యాలు ఎన్ని విన్నా ఇన్నేళ్ళలో బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"ఇది నీదేనా?" అన్నాడు.

లోయ మొత్తానికీ తెల్ల ఆంబోతు ఒక్కటే. "నాదే," అన్నాడు ఎల్డన్.

"గేటు తీసుంది."

"ఎవరో వేటగాళ్ళు..." అని మొదలుపెట్టి, ఏప్రిల్‌లో వేటెక్కడిదని గుర్తొచ్చి ఎల్డన్ నాలిక్కరుచుకున్నాడు. "నేనే, మార్సెల్. పద్యం అల్లుకుంటూ వెళ్ళా."

మార్సెల్ జీను మీదినుంచి అతన్ని చాలాసేపు చూశాడు. "అయిందా?"

"ఏది?"

"పద్యం."

"ఆ... అయింది."

"సంతోషం," అని గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు తిట్లు తిట్టినా ఎల్డన్‌కి హాయిగా ఉండేది. ఆ 'సంతోషం' చెవిలో జోరీగలా ఏడాది పొడుగునా తిరిగింది.

భార్య నోరీన్‌కి వంటింట్లో అంతా చెప్పాడు. ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తప్పు చెప్పుకున్నాక, పనిలో పనిగా ఆ కొత్త పాదం కూడా వినిపించాడు. అదీ ఎల్డన్ అంటే.

"పొలికేకేంటయ్యా?" అంది నోరీన్, తలెత్తకుండా. "తప్పిపోయిన దూడ వెనకాల కేకలేస్తే అది ఇంకో కొండెక్కి కూర్చుంటుంది. పశువుల్ని చూసినవాడెవడైనా అలా రాస్తాడా? 'నిదురే రాక' అనరాదూ? ఆ ఉల్లిపాయ ఇలా పడెయ్."

దారి తప్పిన దూడ దొరికే దాకా
దీపమై కాస్తాను నిదురే రాక.

"ఊఁ, చూద్దాం," అన్నాడు ఎల్డన్, ఉల్లిపాయ అందిస్తూ. తెల్లారేసరికి ఆ పాదం అతనిదైపోయింది. ఆ ఇంట్లో కవిత్వం నడిచే పద్ధతే అది. ఎల్డన్ బల్ల దగ్గర కూర్చుని జుట్టు పీక్కుంటూ ఉంటాడు, అంట్లతొట్టి వైపునుంచి ఓ మాట వచ్చి పడుతుంది, ఎల్డన్ దాన్ని ఆకాశం నుంచి ఊడిపడినట్టు కళ్ళకద్దుకుని వాడుకుంటాడు. మాట ఎటునుంచి వచ్చిందో అతను ఎప్పుడూ తిరిగి చూడలేదు.

ఊళ్ళో దాణా కొట్టుకి వెళ్తే చాలు, పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్ళు మొదలుపెట్టేవారు. "ఒరేయ్, కవిగారొచ్చారు, ఎవరైనా వెనకాలే వెళ్ళి తలుపేసి రండ్రా!" "వద్దొద్దు, తలుపేస్తే ఆయనకి ప్రాస దొరకదు!" ఎల్డన్ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకో ఏడాది ఏడిపిస్తారని తెలుసు. ఆకులు రాలే కాలంలో పశువుల డాక్టర్ వచ్చి మార్సెల్ పెయ్యలకి చూలు చూశాడు. కొన్ని జనవరి ఆఖరుకే ఈనతాయని తేల్చాడు. జనవరి ఆఖరంటే ఆ లోయలో ఉమ్మి నేల మీద పడేలోపు గడ్డకట్టే రోజులు. తడిదూడ కాసేపు బయట ఉంటే చెవులు రాలిపోతాయి, ఇంకాసేపు ఉంటే దూడే పోతుంది.

ఎల్డన్ వెళ్ళి, "ఈనే రోజుల్లో నేనొచ్చి కాపలా ఉంటా మార్సెల్," అన్నాడు.

"చూద్దాంలే," అన్నాడు మార్సెల్.

నవంబర్‌లో ఫోన్ వచ్చింది. బెల్ స్ప్రింగ్స్ పట్నంలో ఏటా జనవరి ఆఖరున కౌబాయ్ కవి సమ్మేళనం జరుగుతుంది. చలికాలం పశువుల పని కాస్త తెరిపినిచ్చే రోజులవి. చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల నుంచీ గుర్రాల మనుషులు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని దిగుతారు. ఎల్డన్ ఏటా తన గొంతు క్యాసెట్లో నింపి వాళ్ళకి పంపుతాడు. వాళ్ళు ఏటా మర్యాదగా వద్దంటారు. అతను ఏటా హాల్లో ఐదో వరుసలో కూర్చుని, తనకంటే ఘోరంగా చెప్పేవాళ్ళకి చప్పట్లు కొట్టి వస్తాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వేదిక మీద ఆ దీపం కింద నిలబడి తన పేరు పిలవగా వినాలన్నది అతని కోరిక. ఇంకేమీ అక్కర్లేదు. ఆవుల ధర పెరగాలని కూడా అంత గట్టిగా కోరుకోలేదు.

"ఈ ఏడు మిమ్మల్ని పిలుస్తున్నామండీ," అంది ఫోన్లో ఆవిడ. "శనివారం రెండు గంటలకి. ఆ 'దీపమై కాస్తాను నిదురే రాక' ఉంది చూశారూ, అది విని మా కమిటీలో ఒకావిడ కళ్ళు తుడుచుకున్నారు."

"అదా," అన్నాడు ఎల్డన్, గొంతు సవరించుకుని. "అలా వచ్చేసిందండీ, నా ప్రయత్నమేం లేదు."

నోరీన్ అంట్లు తోముతోంది. చప్పుడు కాస్త పెరిగింది.

ఆ రోజు నుంచి ఎల్డన్ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆవులకి గడ్డి వేస్తూ పద్యం, మంచు పగలగొడుతూ పద్యం, పళ్ళు తోముకుంటూ పద్యం. కొత్త చొక్కా కొన్నాడు, మెడకి నీలం పట్టు రుమాలు కొన్నాడు. అద్దం ముందు నిలబడి చెయ్యి ఎక్కడ ఎత్తాలో, టోపీ ఎక్కడ తియ్యాలో సాధన చేశాడు. కుక్క అన్నీ చూసి బయటికి పోయి పడుకునేది.

సమ్మేళనం వారంలోనే మార్సెల్ పెయ్యలు మొదలుపెట్టాయి. గురువారం ఒకటి ఈనింది. శుక్రవారం ఎల్డన్ ఫోన్ చేశాడు. "రేపు రానా మార్సెల్? రమ్మంటే చెప్పు, వచ్చేస్తా. నిజంగా వచ్చేస్తా." తన గొంతులో 'వద్దను, వద్దను' అన్న ప్రార్థన తనకే వినిపించి సిగ్గేసింది.

"వెళ్ళి నీ పాటేదో పాడుకో," అన్నాడు మార్సెల్. "నాకు చేతనవును."

ఎల్డన్ గుండెల మీదినుంచి బండ దింపినట్టయింది. ఆ లోయలో ఎవరూ సాయం అడగరన్న సంగతి అతనికి తెలియంది కాదు. తెలిసినా, ఆ ఒక్క రోజుకీ తెలియనట్టు ఉండాలని నిర్ణయించుకున్నాడు.

శనివారం ఉదయం నోరీన్, ఎల్డన్ ట్రక్కులో బయల్దేరారు. వెనక సీటు నిండా ఆపిల్ పైలు. సమ్మేళనంలో భోజనాల బల్లకి నోరీన్ పైలు లేకపోతే గొడవైపోతుంది. ఎండ కాస్తోంది, చలి మాత్రం ఇనుముని కూడా పటుక్కున విరిచేసేలా ఉంది. లోయలో పొగ వచ్చే ఇల్లు ఒక్కటీ కనబడలేదు. అందరూ అప్పటికే పట్నం చేరారు. పొగ ఉన్నది ఒక్క మార్సెల్ ఇంటి మీదే.

అతని వాకిలి ముందునుంచి వెళ్తుంటే ఎల్డన్ చూశాడు. మార్సెల్ ఒక పెయ్యని కొట్టం వైపు తోలుతున్నాడు. ఎడమ చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

"చెయ్యి విరిగినట్టుందే," అన్నాడు ఎల్డన్.

"గురువారం నాడు పెయ్య గోడకేసి నొక్కేసి ఉంటుంది," అంది నోరీన్.

ట్రక్కు ఆగలేదు. ఎల్డన్ కాలు బ్రేకు మీదికి వెళ్ళలేదు మరి. "ఎడమ చెయ్యేగా," అన్నాడు కొంతసేపటికి.

"ఎడమ చెయ్యే," అంది నోరీన్. "కుడి చేత్తో దూడ కాళ్ళకి గొలుసు వేస్తాడు. లాగడానికి పళ్ళున్నాయిగా."

ఎల్డన్ మనసు మళ్ళించుకోవడానికి పద్యం ఎత్తుకున్నాడు, గొంతు ఖంగుమంటోంది, చలిగాలికి బాగా పలుకుతోంది. కంట కునుకెరుగని కాపరిని నేను. బాగుంది. కంచె తీగ సడలితే కలలోనే లేస్తాను. ఇక్కడ నోరీన్ చిన్నగా దగ్గింది. దారి తప్పిన దూడ దొరికే దాకా...

ఆ తర్వాత గొంతు పెగల్లేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగిపోయాడు. ఒక్క మాట మరిచిపోలేదు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. చెప్పడానికే మొహం చెల్లలేదు. దీపమై కాస్తాడట! కొత్త చొక్కా, పట్టు రుమాలు, వెనక సీట్లో పైలు, తను తెరిచిన గేటు మూలంగా అక్కడ ఒంటిచేత్తో ముసలాయన! అంత సిగ్గు అతనికి పుట్టి బుద్ధెరిగాక వెయ్యలేదు. పోనీ ఏడుద్దామా అంటే పక్కన నోరీన్ ఉంది.

ట్రక్కు రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"నేను చెడిపోయిన మనిషిని నోరీన్," అన్నాడు.

"అంత లేదులే," అంది ఆవిడ. "కాస్త మతిమరుపు, అంతే. వెనక్కి తిప్పు."

మార్సెల్ వాకిలి దగ్గర ఎల్డన్ దిగాడు. నోరీన్ డ్రైవర్ సీట్లోకి జరిగింది. "పైలు ఇచ్చి, నువ్వు రావట్లేదని వాళ్ళకి చెప్పొస్తా," అంది. ఎల్డన్ తీగ గేటు విప్పి లోపలికి వెళ్ళాడు. ట్రక్కు కదల్లేదు. ఇంజిన్ అలాగే కొట్టుకుంటోంది, కిటికీలోంచి ఆవిడ అతన్నే చూస్తోంది. ఇన్నేళ్ళ కాపరం తర్వాత ఏదో మంచి మాట చెప్పబోతోందనుకుని ఎల్డన్ ఎదురుచూశాడు. ఎందుకు ఆగిందో తెలియక, ఏం చెయ్యాలో తోచక, గేటు కర్రని కౌగిలించుకుని భుజంతో తోసి ఉచ్చులో దోపాడు. దోపీ దోపగానే ట్రక్కు వెళ్ళిపోయింది.

కొట్టంలో మార్సెల్ అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "పెళ్ళికి వెళ్తున్నావా?"

"లేదు. పురిటికి వచ్చా."

"ఆ చొక్కా పోతుంది."

"పోనీ."

మార్సెల్ గొలుసు తీసి ఎల్డన్ చేతికిచ్చాడు. గోడకి కొట్టిన మేకుకి ఓ పాత రేడియో వేలాడుతోంది. మనుషుల గొంతు వింటూ ఉంటే పెయ్యలు బెదరవని మార్సెల్ దాన్ని రాత్రీ పగలూ మోగిస్తూనే ఉంటాడు. బెల్ స్ప్రింగ్స్ రేడియో. ఆ వారమంతా దాంట్లో సమ్మేళనం తప్ప ఇంకేం రాదు. ఎవడో గుర్రం మీదినుంచి పడిపోయిన కథ చెబుతున్నాడు, జనం నవ్వుతున్నారు.

"అది కట్టెయ్ మార్సెల్, పుణ్యం ఉంటుంది," అన్నాడు ఎల్డన్.

"పెయ్యలు వింటున్నాయి," అన్నాడు మార్సెల్.

మొదటి పెయ్య త్వరగానే తెమిలింది. రెండోది ప్రాణాలు తోడేసింది. చిన్న పెయ్య, లోపల డీకన్ బిడ్డ. కాళ్ళు రెండూ బయటికొచ్చాయి, ఒక్కొక్కటీ రోకలంత ఉంది. తల రాదు. ఎల్డన్ మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, తల సరిచేసి, గొలుసు వేశాడు. పెయ్య ముక్కినప్పుడు లాగాలి, వదిలినప్పుడు ఆగాలి. లాగాడు, ఆగాడు. కొత్త చొక్కా రంగు ఏమిటో ఇక ఎవరూ చెప్పలేరు. "రా తల్లీ, రా అమ్మా, నాదే తప్పు, నీదేం లేదు," అని పెయ్యతో మాట్లాడుతూనే ఉన్నాడు. దాంట్లో ప్రాస లేదు.

భుజాలొచ్చాయి. నడుం దగ్గర మళ్ళీ చిక్కుకుంది. మార్సెల్ తన ఒంటిచేత్తో దూడని పట్టుకుని పక్కకి తిప్పాడు, ఎల్డన్ వెనక్కి వాలి బలమంతా పెట్టాడు. దూడ ఒక్కసారిగా జారి అతని ఒళ్ళో పడింది. పడి, కదల్లేదు.

సరిగ్గా అప్పుడే రేడియోలో ఆ మాట వినబడింది. "తర్వాతి కవి, డ్రై క్రీక్ లోయ నుంచి ఎల్డన్ ప్రూయిట్!"

చప్పట్లు. తన పేరు, ఆ హాల్లో, ఆ దీపం కింద. ఏళ్ళ తరబడి దాని కోసమే కాచుకున్నాడు. ఎల్డన్ చేతులు మాత్రం ఆగలేదు. దూడ ముక్కులోంచి జిగురు తీస్తున్నాడు, గడ్డిపోచ పెట్టి గుచ్చుతున్నాడు, మెడలో పట్టు రుమాలు లాగి దాని మూతి తుడుస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి శుభ్రమైన వేలు ఒక్కటీ లేదు.

"ఆయన రాలేకపోయారు," అంది రేడియో. "ఆయన శ్రీమతి నోరీన్ గారు ఒక మాట చెబుతారట."

దూడ తుమ్మింది. తల విదిల్చి, ఒళ్ళంతా ఒణికి, ఊపిరి తీసింది.

"బతికింది," అన్నాడు మార్సెల్.

"నమస్కారమండీ," అంది నోరీన్ గొంతు రేడియోలో, ఉల్లిపాయ అందుకోమన్నట్టు మామూలుగా. "మా ఆయన ఎందుకు రాలేదో చెప్పమన్నారు. ఊరికే చెబితే ఏం బాగుంటుంది? ఇది అంట్లు తోముకుంటూ అల్లుకున్నా. ఆఖరు ముక్క దారిలో కుదిరింది."

మా ఆయన మంచోడే, మాటల్లో మొనగాడే,
మంద ఎదురుగా ఉంటే మబ్బుల్లో ఉంటాడే.
ప్రాస ఒకటి దొరికింది, పరవశించి పోయాడు,
గేటొకటి మిగిలింది, గాలికొదిలి పోయాడు.

హాలు ఒక్కసారిగా ఘొల్లుమంది. ఎల్డన్ నోరెళ్ళబెట్టాడు.

తెరిచిన గేటు చూసింది తెల్లని మా ఆంబోతు,
పిలవని పెళ్ళికి వెళ్ళింది, పెళ్ళికొడుకు తానౌతూ.
నల్లని తల్లుల పక్కన తెల్లని పిల్లలు లేచాయి,
నాన్నెవరో చెప్పకనే నవ్వుతు లోయకి చాటాయి.

"తెల్లగా ఎక్కడున్నాయి? బూడిద రంగు!" అన్నాడు ఎల్డన్ ఉక్రోషంగా, ఒళ్ళో దూడని చూపిస్తూ. "కవిత్వమంటే ఇలా అబద్ధాలాడటం..."

"నోర్ముయ్," అన్నాడు మార్సెల్. "విననీ."

మార్సెల్ గడ్డి మోపు మీద కూలబడ్డాడు. విరిగిన చెయ్యి పొట్టకి అదుముకుని, చప్పుడు లేకుండా ఊగిపోతున్నాడు. ఏదైనా అయిందేమోనని ఎల్డన్‌కి గుండె గుభేలుమంది. తీరా చూస్తే నవ్వు. ఆ మనిషి అలా నవ్వగా ఎల్డన్ ఎన్నడూ చూడలేదు. రేడియోలో జనం కూడా నవ్వి నవ్వి ఆగారు. నోరీన్ గొంతు తగ్గింది.

ఏళ్ళ తరబడి చూసిన పిలుపు ఈ ఏడే మరి వచ్చింది,
దారిలో ట్రక్కు ఆగింది, దూడల పిలుపే గెలిచింది.
కవిత్వమెంతో తెలియదు గానీ కళ్ళతో చూసి చెబుతున్నా,
వెళ్తూ వెళ్తూ గేటు వేశాడు... వేసిందాకా నిలబడి ఉన్నా.

కాసేపు రేడియోలో ఏమీ వినబడలేదు. పాడైపోయిందనుకున్నాడు ఎల్డన్. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఆగవేం? ఐదో వరుసలో కూర్చుని అన్నేళ్ళు చప్పట్లు కొట్టినవాడు కాబట్టి, మర్యాదకి కొట్టేవి ఎలా ఉంటాయో, లేచి నిలబడి కొట్టేవి ఎలా ఉంటాయో అతనికి బాగా తెలుసు. ఇవి నిలబడి కొట్టేవి.

ముందు అసూయే వేసింది. పచ్చి అసూయ. తర్వాత ఉల్లిపాయ గుర్తొచ్చింది. దాని వెనకాలే ఇంకెన్నో సాయంత్రాలు గుర్తొచ్చాయి, అంట్లతొట్టి వైపు నుంచి వచ్చిపడ్డ మాటలన్నీ ఒక్కొక్కటే వరస కట్టాయి. అతని పద్యాల్లో నలుగురు మెచ్చుకున్న ప్రతి పాదం వెనకా గిన్నెల చప్పుడుంది. 'అలా వచ్చేసిందండీ' అన్నాడు ఫోన్లో! దూడని ఒళ్ళో పెట్టుకుని ఎల్డన్ పడీ పడీ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, పెయ్య తల తిప్పి ఇద్దరినీ అనుమానంగా చూసింది.

"ఎల్డన్," అన్నాడు మార్సెల్, కళ్ళు తుడుచుకుని. పద్యాల గురించి ఆ మనిషి నోరు విప్పడం అదే మొదలు. "ఆ ఇంట్లో కవి ఉన్నారని నాకు ఎప్పట్నుంచో అనుమానం. నువ్వేనేమోనని ఇన్నాళ్ళూ భయపడి చచ్చా."

దూడ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. జున్నుపాలు తాగుతుంటే దాని తోక చిన్న తాడులా ఆడింది. ఇంకో పెయ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. ఎల్డన్ చేతులు కడుక్కుని గొలుసు అందుకున్నాడు.

కొండల మీద ఎండ ఎర్రబడుతుండగా ట్రక్కు చప్పుడు వినబడింది. ఎల్డన్ పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళాడు. చొక్కా గడ్డకట్టి అట్టలా నిలబడింది. నోరీన్ అద్దం దించి అతన్ని చూసింది.

"విన్నావా?"

"విన్నా."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. పోయింది." కాలితో మంచు తన్నాడు. "'తానౌతూ' దగ్గర ప్రాస కాస్త లాగావు."

"తెలుసు."

"ఆ 'నిదురే రాక' నీదని వాళ్ళకి చెప్పావా?"

"ఎందుకూ? నువ్వే చెబుదువు గాని."

ఎల్డన్ మళ్ళీ మంచు తన్నాడు. "వచ్చే ఏటికి పిలిచారా?"

"పిలిచారు."

"ఎవర్నే?"

నోరీన్ ముందుకి చూస్తూ స్టీరింగు మీద వేళ్ళు ఆడించింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. చలికి కాదు. ఆవిడ అంత సంతోషంగా ఉండటం ఎల్డన్ చూసి చాలా రోజులైంది. ఎందుకు చూడలేదా అని ఆలోచిస్తే జవాబు బాగాలేదు.

"సరే అయితే," అన్నాడు. "వచ్చే ఏడు నువ్వు తోలుదువు గాని. గేట్లు నేను దిగి తీస్తా."

"తియ్యడం నీకు బాగానే వచ్చు," అంది నోరీన్.

ఎల్డన్ తీగ గేటు విప్పాడు. ట్రక్కు లోపలికొచ్చి, కొట్టం వైపు వెళ్ళకుండా అక్కడే ఆగింది. అతను కర్రని కౌగిలించుకున్నాడు, భుజంతో తోశాడు, ఉచ్చులో దోపాడు. పట్టుకుని ఊపి చూశాడు. మళ్ళీ ఊపి చూశాడు. ట్రక్కు ఇంకా కదల్లేదు. పక్క అద్దంలో నోరీన్ కళ్ళు కనబడుతున్నాయి. ఎల్డన్ రెండు చేతులూ పైకెత్తి ఖాళీగా ఉన్నాయని చూపించాడు.

అప్పుడు ఆవిడ ట్రక్కు ముందుకి తోలింది.